రాళ్ళు కరగడానికి పట్టిన రోజులు

అక్క కడుపులో రాళ్ళను నేను మొదటిసారి చూసింది అనంతపురంలో, ఒక చిన్న ఆసుపత్రి వెనకగదిలో. తొంభైల చివరి సంవత్సరాలు. కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ, లోపల మసక. డాక్టరు అక్క కుడి డొక్క కింద చల్లటి జిగురు పూసి, చేతిలో ఇమిడే పరికరాన్ని దానిమీద అటూ ఇటూ జరుపుతుంటే చిన్న తెరమీద బూడిదరంగు వాన కురిసింది. మా జిల్లాలో వాన కురవాలంటే అలా తెరమీదే కురవాలి. ఆ వాన మధ్యలో నల్లగా ఒక చెరువు కనిపించింది. చెరువు అడుగున తెల్లని చుక్కలు ఉన్నాయి.

"ఎడమ పక్కకు తిరుగమ్మా," అన్నాడు డాక్టరు.

అక్క తిరిగింది. చుక్కలు తమకేమీ తొందర లేనట్టు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మెల్లగా దొర్లాయి. ఎంత అందంగా దొర్లాయంటే, అవి మనిషిని గోడ పట్టుకుని వంగిపోయేలా చేసే రాళ్ళని నేను ఒక్క క్షణం మరిచిపోయాను.

"పిత్తాశయంలో రాళ్ళు. తొమ్మిదో పదో ఉంటాయి. కందిగింజంత కూడా లేవు."

పిత్తాశయం అంటే ఏమిటన్నట్టు అక్క నావైపు చూసింది. కోడిని కోసేటప్పుడు పగలకుండా తీసి పారేస్తామే, పచ్చటి చేదుతిత్తి, అదేనని చెప్పాను.

"అది మనిషికి గూడా ఉండాదా?" అంది అక్క. "నాకుంటాదిలే. మీ బావ ఎప్పుడూ అంటాంటాడు," అని తనే నవ్వింది.

అక్కది ధర్మవరం. పుట్టింది మగ్గమున్న ఇంట్లో, మెట్టిందీ మగ్గమున్న ఇంట్లోనే. నేను చదువు పేరు చెప్పి మగ్గం నుంచి తప్పించుకుని, అనంతపురంలో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు వేదికలెక్కి మూఢనమ్మకాల మీద విరుచుకుపడుతూ బతుకుతున్నాను. నా వాటా మగ్గం కూడా అక్కే నేసినట్టు లెక్క. బావకు చూపు మందగించాక ఆ ఇంట్లో పట్టుచీర నేసే చెయ్యి అక్కది ఒక్కటే. ఏడాదిగా, కాస్త నూనె వస్తువు తిన్నప్పుడల్లా కుడి పక్కటెముకల కింద మొదలై వీపు మీది రెక్క దాకా ఎగబాకే నొప్పిని ఆమె గ్యాసని, దిష్టని, చివరికి వయసని అనుకుంటూ, మగ్గం గుంజకు తల ఆనించి అది పోయేదాకా నిలబడేది. బావ కబురు పంపితే నేను వెళ్ళి బలవంతంగా తీసుకొచ్చాను.

డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఆపరేషన్ చేసి తిత్తిని తీసేయడం ఖాయమైన దారి. చిన్న రంధ్రాలు పెట్టి తీసే పద్ధతి అప్పటికి మాకు బెంగళూరు మాట. ఇక్కడ పొట్ట కోయాల్సిందే.

"కోస్తే మళ్ళా గుంతలోకి ఎప్పుడు దిగొచ్చు సార్?"

"ఏ గుంత?"

"మగ్గం గుంత."

నేత మనిషి నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వదిలి కూర్చుని, పొద్దంతా తొక్కుడు పలకలు తొక్కాలి. తొక్కిన ప్రతిసారీ బలమంతా పొట్టలోంచే వస్తుంది. అది డాక్టరుకు వివరించాను. మూడు నెలలైనా ఆగాలని, కుట్లు సరిగా మానకపోతే ఇంకా ఎక్కువేనని అన్నాడు.

అక్క ముఖం మారింది. కారణం నాకు తెలుసు. వాళ్ళ పక్కవీధిలో ఒకామెకు పొట్ట కోశారు. కుట్టు చీము పట్టి, ఏడాదైనా ఆమె మగ్గమెక్కలేదు. చివరికి మగ్గం విప్పేసి, గుంతను మట్టితో పూడ్చి, పైన పేడతో అలికి, దానిమీద ఆమెకు మంచం వేశారు. ఆమెను చూడబోయినప్పుడల్లా అక్క మంచం మీద కూర్చునేది కాదట. గుమ్మంలోనే నిలబడి వచ్చేసేదట.

"నా గుంత పూడ్చనీయను," అంది అక్క. డాక్టరుకు కాదు, నాకు.

అప్పుడాయన రెండో దారి చెప్పాడు. రాళ్ళు చిన్నవి, ఎక్స్‌రేలో కనపడలేదు కాబట్టి సున్నం పట్టని కొవ్వురాళ్ళు కావచ్చు, తిత్తి ఇంకా ముడుచుకుంటూ తెరుచుకుంటూ పనిచేస్తోంది. ఇలాంటి వాటిని మాత్రలతో కరిగించే అవకాశం ఉంది. అందరికీ కరగవు. కరిగితే ఆరు నెలలు పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు. కరిగినా మళ్ళీ రావచ్చు. ఆరు నెలలకు ఒకసారి తెరమీద చూడాలి.

నేను ఆపరేషన్ పక్షం. అక్క ఇంటికొచ్చాక ఆ పక్షాన వాదించాను, వేదిక మీద వాదించినట్టే. కత్తికి భయపడటం కూడా ఒక మూఢనమ్మకమేనన్నాను. అక్క పోగు చుట్టిన కండెలు సర్దుకుంటూ అంతా విని, "నీకేమప్పా, నువ్వు కూచ్చొనేది కుర్చీలో," అంది.

ఆ ఒక్క మాటతో నా వాదం అయిపోయింది. నలభై మంది మధ్య బాబాలను గెలిచినవాణ్ణి, ఆ ఇంట్లో ఒక్కసారీ గెలిచింది లేదు.

బావ మెత్తని మనిషి. గోడకు ఆనుకుని, చూపు ఆనని కళ్ళు ఎటో పెట్టి, మూడో దారి తీశాడు. "మడకశిర పక్క ఒకాయన ఉన్నాడంట కదప్పా. కడుపు మీద తెల్లగుడ్డ పరిచి నోటితో పీలిస్తే రాయి బయటికొస్తాదంట. కన్నడమోళ్ళు గూడా బస్సులేసుకోని పోతాండారు."

"ఆయన్ను నేను చూసినా బావా. నలుగురి ముందర నోరు పుక్కిలించమంటే దవడలోనుంచి గులకరాయి రాలిపడింది."

"అయితే తీసినాడు కదా. యాడనుంచైతేనేమి."

అక్క నవ్వితే నొప్పి వచ్చింది. నవ్వుతూనే గుంజ పట్టుకుంది. "మాత్రలే మింగుతాలే," అంది. మాత్రల పక్షం గెలిచింది ఆ క్షణంలోనే.

ఇక నేను చేసిన తప్పు దగ్గరికి వస్తాను. అక్క అడిగింది: రాయిని మాత్ర ఎట్లా కరిగిస్తాది? న్యాయమైన ప్రశ్న. నేను పిత్తరసం గురించి, అందులో కొవ్వు ఎందుకు పేరుకుంటుందో దాని గురించి నాకు తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదని చెప్పి ఊరుకోవాల్సింది. కానీ ఉపన్యాసకుడికి ఉపమానం దొరికితే ఆగడు. వాళ్ళ ఇంటి వెనక రంగులద్దే పెరడు ఉంది. గోలెంలో ముడిపట్టు ఉడుకుతోంది. సబ్బు, సోడా కలిసిన ఆవిరి, తడి గొంగళిపురుగు వాసన. చెయ్యెత్తి అటు చూపించాను.

"ముడిపట్టుకు జిగురుంటాది కదా అక్కా. సబ్బునీళ్ళలో ఉడకేస్తే జిగురు కరిగిపోయి మెత్తని పోగు మిగులుతాది. ఈ మాత్ర సబ్బు. నీ రాళ్ళు జిగురు. అంతే."

అక్క కళ్ళు వెలిగాయి. "అట్ల చెప్పు మరి. ఇంతసేపూ ఏందేందో చెప్తివే," అంది. నాకు ఛాతీ ఉబ్బింది. నిజానికి ఉపమానం తప్పు కూడా కాదు, ఆ మందు పనిచేసే తీరు సబ్బుకు దగ్గరే. తర్వాత డాక్టరే ఆ మాటన్నాడు. పోలిక నిజం కావడం వల్లే అది అంత దూరం పోయింది.

ఆ తర్వాతి నెలలు ఇప్పుడు నాకు నిద్రలో నడిచినట్టు గుర్తొస్తాయి. ఆదివారం పొద్దున్నే ప్యాసింజరు. కిటికీలోంచి ఎండిన శనగచేలు, వాటి వెనక గుండ్లు పేర్చినట్టున్న కొండలు, కొండల మీద కొత్తగా లేచిన గాలిమరలు. తిరుగుతున్నాయో ఆగి ఉన్నాయో తెలియనంత మెల్లగా రెక్కలు. అక్క ఇల్లు వీధి మలుపు నుంచే వినిపించేది. ఆ వీధిలో నూరు మగ్గాలు మోగుతున్నా ఆమె మగ్గం నేను గుర్తుపట్టేవాణ్ణి: రెండు తొక్కులు గబగబా, మూడోది కాస్త ఆగి. నేను పోయి గుంత పక్కన నేలమీద పడుకునేవాణ్ణి. తలకు మూరెడు దూరంలో, పోగును మోసుకుంటూ నాడె అటు పోయి ఇటు వచ్చేది. కళ్ళు మూసుకుంటే ఆ శబ్దంలో అక్క తిత్తిలోని చుక్కలు ఒక్కో తొక్కుకు ఒక్కో పొర ఊడి పిత్తరసంలో కలిసిపోతున్నట్టు ఉండేది. ఒకసారి అక్కడే కునుకు పట్టి కల కన్నాను. మా చుట్టూ ఉన్న కొండగుండ్లన్నీ ఎండలో బెల్లంలా కరిగి, ఎండిన వంకల్లోకి జారి, వంకలు నిండుతున్నాయి. కలలను నేను నమ్మను. కానీ ఆ కల నుంచి లేవడానికి మనసు రాలేదు.

"నొప్పి ఉండాదా అక్కా?"

"లేదప్పా. మూడు నెలలైపాయ."

నేను ఇంటికొచ్చి ఒక చిన్న మాసపత్రికకు వ్యాసం రాశాను. నోటితో రాళ్ళు పీల్చే మోసగాళ్ళను చీల్చి చెండాడుతూ, మొక్కు లేకుండా, కత్తి లేకుండా, కేవలం మందు బలంతో ఒక నేతకార్మికురాలి రాళ్ళు కరిగిపోయాయని రాశాను. తెరమీద మళ్ళీ చూడలేదు. నొప్పి పోయిందని ఆమె చెప్పింది; రాళ్ళు పోయాయని నేను రాశాను. బాబా విభూతి తిన్నాక తలనొప్పి తగ్గిందని చెప్పేవాళ్ళను నేను ఏ ప్రశ్న అడిగేవాణ్ణో, ఆ ప్రశ్న నన్ను నేను అడగలేదు.

ఆరు నెలలకు వెళ్ళాల్సింది ఎనిమిదికి వెళ్ళాం. పెళ్ళిళ్ళ కాలం, మగ్గం దిగడానికి అక్కకు తీరలేదు. అదే గది, అదే నల్లగుడ్డ, అదే చెరువు. అక్కను తిరగమన్నారు. చుక్కలు దొర్లాయి.

డాక్టరు పాత ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసి, కొత్తదాన్ని చూసి, మళ్ళీ పాతదాన్ని చూశాడు. "కొంచెం తగ్గినాయి. తగ్గడమంటూ మొదలైతే ఇప్పటికి ఇంకా తగ్గాల. మాత్రలు మరవకుండా వేసుకుంటాండావామ్మా?"

"లేదు సార్," అంది అక్క ప్రశాంతంగా. "మూడు నెలలకే దించేసినా."

"దించేసినావా?"

"ఎక్కువ ఉడికితే పోగు చచ్చిపోతాది కద సార్. నొప్పి పాయ. జిగురంతా పోయిందనుకుంటి. ఇంకా ఏస్తే తిత్తి పీచు లేస్తాది."

డాక్టరు నావైపు తిరిగాడు. "ఈ ఉడకేసేదేందప్పా?"

నేను గోడమీది క్యాలెండరు చూశాను.

పట్టు ఉడకేసే గోలెం దగ్గర నిలబడ్డ వాళ్ళకే ఈ సంగతి తెలుస్తుంది. జిగురు పోయిన గడియకే పోగును దించెయ్యాలి. పొదుపు కోసమో పరాకు వల్లో ఇంకాసేపు ఉంచితే పోగు బలం చచ్చి, పీచు లేచి, మగ్గం మీద తెగిపోతుంది. ధర్మవరంలో ఆడపిల్లలకు ఈ గడియ కనిపెట్టడం జడ వేసుకోవడంతో పాటు వస్తుంది. నేను ఆ పోలికను అక్కకు ఇచ్చాను. ఆమె దాన్ని పూర్తిగా తీసుకుంది. నాకు తెలియని సగంతో సహా.

బయట వరండాలో నేను కోప్పడ్డాను. పక్కన బెంచీ మీద పేషెంట్లు ఉన్నారని కూడా చూడలేదు.

"అయిదు నెలలుగా మాత్ర వేసుకోకపోతే ఒక్కమాట చెప్పకపోతివే నాకు."

"నువ్వు అడిగితివా?"

"వారం వారం అడిగితిని కదా."

"నొప్పి ఉండాదా అని అడిగితివి. లేదంటిని. మాత్ర ఏసుకుంటాండావా అని ఒక్కనాడన్నా అడిగితివా?"

నేను చెప్పుల కోసం వెతుక్కున్నాను.

"పట్టు సంగతి నాకు తెల్సా, నీకు తెల్సా?" అంది, గొంతు పెంచకుండా. "సబ్బని నువ్వే చెప్తివి. సబ్బులో ఎంతసేపు ఉంచాలో నాకు తెల్సు గదా. నాయన ఉన్నప్పటినుంచి దించేది నేనే. నువ్వు పుస్తకాలు పట్టుకోని మిద్దె మీద ఉంటివి."

బెంచీ మీది ముసలాయన ఒకడు, "ఆయమ్మ చెప్పేది సరిగ్గానే ఉండాది గదప్పా," అన్నాడు.

డాక్టరు మళ్ళీ పిలిచి కూర్చోబెట్టాడు. రాళ్ళు చిన్నవవుతున్నప్పుడు ఒక చిక్కుందన్నాడు. తిత్తిలోంచి జారి పిత్తం పోయే సన్నని దారిలో ఇరుక్కోవచ్చు. ఇరుక్కుంటే చలిజ్వరం వస్తుంది, కళ్ళు పచ్చబడతాయి, అప్పుడు ప్రాణానికే ముప్పు. ఇప్పుడే కోయించుకుంటే ఆ భయం ఉండదు. లేదా మళ్ళీ మొదటినుంచి మాత్రలు. ఆలోచించుకోమని బయటికెళ్ళాడు.

"ఏం చేయమంటావు?" అంది అక్క.

నా జీవితంలో ఆ ప్రశ్నకు జవాబు లేకుండా ఉన్న సందర్భాలు తక్కువ. నాలుక చివర రెండు ఉపమానాలు కూడా సిద్ధంగా ఉన్నాయి. వాటిని మింగేశాను.

"నాకు తెలీదక్కా."

"తెలీదా?"

"ఏది మంచిదో తెలీదు. ఆయన చెప్పింది మాత్రం చెప్తా." చెప్పాను, వేళ్ళు మడిచి, ఒకటి తర్వాత ఒకటి. కొందరికి కరుగుతాయి, కొందరికి కరగవు. మాత్ర నొప్పి ఉన్నా లేకున్నా, ఆయన ఆపమనేదాకా రోజూ వేసుకోవాలి. ఎక్కువ రోజులు వేసుకున్నందుకు తిత్తి పాడవదు. కరిగినా మళ్ళీ రావచ్చు. జ్వరమొచ్చినా, కళ్ళు పచ్చబడినా ఆ రోజే రావాలి, ఆ రోజే కోయించుకోవాలి.

"దేన్లాగ ఉంటాదది?"

"దేన్లాగా ఉండదు. అది అదే."

అక్క తన చేతులు చూసుకుంది. నేతవాళ్ళ చేతులు, వేలి కొసల మీద పోగు కోసిన సన్నని గీతలు. "ఇంకొకసారి మాత్రలు మింగుతా," అంది. "కండ్లు పచ్చబడితే నోరెత్తకుండా వచ్చి పడుకుంటా, కోసుకోనీ. గుంత పూడ్చినా సరే. కానీ పచ్చబడినట్ల ఎవరు చూస్తారు? మీ బావకు పసుపూ తెలుపూ ఒకటే. నువ్వే రావాల."

అలా నాకు ఒక పని దొరికింది. ఏడాది పైన, ప్రతి ఆదివారం, నేను ప్యాసింజరు దిగి అక్క కళ్ళు చూశాను. ఆమె గుంతలోనే కూర్చుని తల వెనక్కి వాల్చేది. నేను వంగి, బొటనవేలితో కింది రెప్ప లాగేవాణ్ణి. మా కళ్ళు అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు, చిన్నప్పుడు కూడా. తెల్లగుడ్డులో ఎర్రని సన్న దారాలు, నల్లగుడ్డు చుట్టూ వయసు తెచ్చిన బూడిద అంచు, మధ్యలో నా ముఖం చిన్నగా, తలకిందులు కాకుండా. "ఏం కనపడతాంది?" అనేది. "నేనే," అనేవాణ్ణి. "అయితే చెడిపోయినట్లే," అనేది. ఆ తర్వాత నేను అడిగేది నొప్పి గురించి కాదు. మాత్రల అట్ట తెప్పించుకుని ఖాళీ గుంటలు చూసేవాణ్ణి.

ఒక ఆదివారం ఆమె కళ్ళు పచ్చగా ఉన్నాయి.

లేత పసుపు. రెండు కళ్ళూ. నా చెయ్యి ఆమె చెంప మీదే ఆగిపోయింది. అక్క నా ముఖం చూసి కాళ్ళు తొక్కడం ఆపేసింది. వీధిలో మిగతా మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. "బస్సెన్ని గంటలకుండాది?" అంది అంతే. నాడె పక్కన పెట్టింది, పడుగు మీద గుడ్డ కప్పింది, నా భుజం పట్టుకుని గుంతలోంచి పైకి లేచింది. గుమ్మం దాటి ఎండలోకి వచ్చి ఇద్దరం నిలబడ్డాం. చెప్పులు వేసుకోబోతున్న ఆమెను ఆపి మళ్ళీ రెప్ప లాగాను. తెల్లగా ఉంది. రెండోదీ తెల్లగా ఉంది. నేను లోపలికి వెళ్ళి చూశాను. మగ్గం మీద ఆ వారం పెళ్ళిచీర, మామిడిపండు పసుపు. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆ పట్టు మీద పడి గదంతా పచ్చగా నిండి ఉంది. గోడలు, బావ తెల్లపంచె, నా చేతులు, అన్నీ.

"ఏమైందప్పా?" అన్నాడు బావ.

"ఏం లేదు బావా."

అక్క గడపమీద కూర్చుండిపోయింది. ఆ మధ్యాహ్నం ఆమె నేయలేదు. నేనూ ఊరికి పోలేదు. ఆ రోజు నుంచి కళ్ళు చూడటానికి ఆమెను ఎండలోకి తీసుకొచ్చేవాణ్ణి.

మూడోసారి చూసినప్పుడు చుక్కలు ఇంకా చిన్నవై దొర్లాయి. నాలుగోసారి తెర ముందుకు వెళ్ళినప్పుడు ఆ నల్లటి చెరువు నిశ్చలంగా ఉంది. డాక్టరు ఆమెను ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, లేచి నిలబడమన్నాడు. ఏదీ దొర్లలేదు. అయినా ఆయన నమ్మకుండా ఇంకోసారి పరికరం ఆనించి చూశాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఆ ఇంకోసారికే.

"ఏం లేవమ్మా. కరిగిపోయినాయి. మళ్ళా రావని మాత్రం చెప్పలేను. ఏడాదికొకసారి వచ్చి చూపించుకోవాల."

"వస్తే?"

"వస్తే అప్పుడు ఆలోచిద్దాం."

"సరే సార్," అంది అక్క, వానల గురించి ఎవరో చెప్పినది విన్నంత మామూలుగా.

సాయంత్రం ప్యాసింజరులో జనం లేరు. చెక్కబల్ల మీద ఆ చివర కూర్చున్న అక్క, "కొంచెం జరుగు," అని, చెంగు తలకింద మడిచి పెట్టుకుని, కుడి పక్కకు ఒత్తిగిలి పడుకుంది. పడుకుని, "రెండేండ్లాయ ఈ పక్కకు పండుకోని," అంది. నాకు తెలియదు. ఎడమకు తిరిగే పడుకునేదట, రాళ్ళ మీద బరువు పడకుండా. నేను అన్ని ఆదివారాలు వెళ్ళి కూడా అది అడగలేదు.

నిద్రపోయింది. ఆమె పాదాలు నా ఒడిని ఆనుకుని ఉన్నాయి, అరికాళ్ళు పలకలు తొక్కీ తొక్కీ చెక్కలా గట్టిపడి. బండి ఊగినప్పుడు నిద్రలోనే ఆ కాళ్ళు కదిలాయి. రెండుసార్లు గబగబా, మూడోసారి కాస్త ఆగి. మేం దిగాల్సిన ధర్మవరంలో ఇంజను మార్చడానికి బండి చాలాసేపు ఆగుతుంది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. నేను కూత వినపడేదాకా ఆమెను లేపలేదు.